దారం కింద చుట్టుకుంటే... తప్పు పైనుంది!

తెనాలి జంక్షన్‌లో పట్టాలు చీలతాయి కదా. ఒక లైను బాపట్ల మీదుగా చీరాల వైపు పోతుంది. ఇంకోటి రేపల్లె దాకా వెళ్ళి, ఇక ముందుకు దారి లేదన్నట్టు అక్కడే ఆగిపోతుంది. ఈమధ్య మన శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఆ పట్టాలు పట్టుకునే వచ్చినట్టున్నాయి. ఒకటి తెనాలి, ఒకటి బాపట్ల, ఒకటి రేపల్లె. ముగ్గురూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు కాదు. కానీ ముగ్గురి ఇంట్లోనూ కుట్టు మిషనుంది. ముగ్గురి మిషనూ మొరాయిస్తోంది. అందుకే ఈ ఆదివారం మొత్తం మిషనుకే ఇచ్చేద్దాం.

తెనాలి ఉత్తరం చదివితే మనసు చివుక్కుమంది. ఆవిడ ఇంటి దగ్గరే జాకెట్లు కుడతారు. చీరలకి ఫాల్సు వేస్తారు. పిల్లల ఫీజులో సగం ఆ మిషనే కడుతోంది. పదిహేను రోజులుగా గుడ్డ పైన కుట్టు చక్కగానే పడుతోంది, తిప్పి చూస్తే మాత్రం అడుగున దారం పిచ్చుక గూడులా చుట్టుకుంటోంది. ఒక పెళ్ళివారి పట్టు జాకెట్టుకి అలా అయితే, కుట్టు విప్పబోయేసరికి గుడ్డ చిరిగింది. తన డబ్బుతో కొత్త గుడ్డ కొనిచ్చారు. దారం అడుగున కదా చుట్టుకుంటోంది, జబ్బు అడుగునే ఉందనుకుని బాబిన్ కేసు స్క్రూ బిగించారు. తగ్గలేదు. ఇంకాస్త బిగించారు. తర్వాత కొత్త కేసు కొన్నారు. ఆఖరికి ఇంటికొచ్చిన మెకానిక్ షటిల్ సెట్టు మొత్తం మార్చాలన్నాడట. “మార్పించమంటారా? లేక అమ్మేసి అప్పు చేసయినా మోటారుది కొనమంటారా?” అని అడుగుతున్నారు.

రెండూ వద్దమ్మా. ముందు గుడ్డని అదిమిపట్టే పాదం పైకెత్తి, పై దారం మొత్తం లాగేసి, మళ్ళీ మొదటినుంచి ఎక్కించండి. చాలా ఇళ్ళలో వైద్యం అక్కడితోనే అయిపోతుంది. ఎందుకో తెలిస్తే మీకే నవ్వొస్తుంది.

ఆ ముడి ఎక్కడ పడుతుంది?

చేత్తో కుట్టేటప్పుడు దారం ఒక్కటే. మిషనులో రెండు. పైది సూదితోపాటు గుడ్డలోంచి కిందికి దిగుతుంది. సూది తిరిగి పైకి లేవడం మొదలెట్టగానే దాని కన్ను దగ్గర దారం కాస్త వదులై చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. షటిల్ ముక్కు సరిగ్గా ఆ క్షణానికి వచ్చి ఆ ఉచ్చుని అందుకుని, బాబిన్ కేసు చుట్టూ తిప్పి వదిలేస్తుంది. అంటే పై దారం కింది దారాన్ని కౌగిలించుకుందన్నమాట. ఇప్పుడు మిషను ముందు భాగంలో పైకీ కిందికీ ఊగే మీట ఉంది చూడండి, అది పై దారాన్ని గబుక్కున వెనక్కి లాగుతుంది. రెండు దారాల లాగుడూ సమానంగా ఉంటే ముడి సరిగ్గా రెండు గుడ్డ పొరల మధ్యన దాక్కుంటుంది. పైనా కనబడదు, కిందా కనబడదు. అదే మంచి కుట్టు.

పై దారాన్ని అదుపులో పెట్టేవి టెన్షన్ నట్టు వెనక ఉండే రెండు గుండ్రటి బిళ్ళలు. దారం వాటి మధ్య నలిగి రావాలి. అది వాటి మధ్యకి దిగకుండా అంచు మీద కూర్చుందనుకోండి, ఇక దానికి పగ్గం లేదు. షటిల్ ఎంత లాగితే అంతా వదిలేస్తుంది. మీట దాన్ని తిరిగి పైకి బిగించలేదు. ఆ వదులు దారమంతా ఎక్కడికి పోతుంది? గుడ్డ అడుక్కి. మీకు అడుగున కనిపిస్తున్న గూడు బాబిన్ దారంది కాదు, పై దారంది. నమ్మకం లేకపోతే పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం పెట్టి నాలుగంగుళాలు కుట్టి తిప్పి చూడండి. ఉండలు కట్టింది ఎర్రదే అయి ఉంటుంది.

ఇంతకీ పాదం ఎందుకు ఎత్తమన్నానంటే, పాదం పైకి లేచి ఉన్నప్పుడే ఆ బిళ్ళలు విడి ఉంటాయి. దింపితే బిగుసుకుంటాయి. పాదం దింపి ఉంచి దారం ఎక్కిస్తే అది బిళ్ళల మధ్యకి జారదు, పైపైనే ఉండిపోతుంది. చూడ్డానికి అన్నిచోట్లా ఎక్కినట్టే ఉంటుంది. పొద్దున్నే వంటింట్లో కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ హడావుడిగా దారం ఎక్కించేవాళ్ళకి ఇది తెలియకుండానే జరుగుతుంది.

మరి పాదం ఎత్తే ఎక్కించాను, అయినా అంతే అంటారా? అయితే బిళ్ళల మధ్యన ఏదో ఇరుక్కుంది. తెగిన దారం ముక్కో, నూగో. పాదం ఎత్తి, పల్చటి నూలుగుడ్డ అంచుని వాటి మధ్యకి దూర్చి, అటూ ఇటూ నాలుగుసార్లు లాగండి. నల్లటి మడ్డి కూడా వస్తుంది. ఇక్కడ మాత్రం నూనె చుక్క పడనివ్వకండి. మిషను నిండా నూనె వేసే మనవాళ్ళు దీనికీ ఒక చుక్క వేసేస్తారు పాపం. బిళ్ళలకి నూనె తగిలితే దారం జారిపోతుంది, ఆ దారం గుడ్డకి మరక పూస్తుంది.

దారం బిళ్ళల్లో ఉందో లేదో చూసుకునే చిన్న పరీక్ష చెబుతాను. పాదం ఎత్తి, సూది దగ్గర దారం మెల్లగా లాగండి, హాయిగా వచ్చేస్తుంది. పాదం దింపి లాగండి, బరువుగా రావాలి, సూది కాస్త వంగినట్టు కావాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే దారం బిళ్ళల్లో లేదు. పది సెకన్ల పని. ప్రతి జాకెట్టు ముందూ చెయ్యండి.

స్క్రూ సంగతి

ఇక తెనాలి సోదరి బిగించిన ఆ బాబిన్ స్క్రూ. దాన్ని ఇప్పుడు వెనక్కి తేవాలి. లేకపోతే పై దారం సరిచేసినా కుట్టు బిగుసుకుపోయి గుడ్డ ముడతలు పడుతుంది. బాబిన్ కేసులో పెట్టి, దారం గాడిలోంచి తెచ్చి, ఆ పల్చటి స్ప్రింగు కిందినుంచి బయటికి లాగండి. ఇప్పుడు దారం కొస పట్టుకుని కేసుని గాల్లో వేలాడదీయండి. అది కదలకుండా వేలాడాలి. చేతిని చిన్నగా కుదిపితే ఒకటి రెండంగుళాలు దిగి ఆగిపోవాలి. తనంత తానే జర్రున నేల దాకా జారితే వదులు. ఎంత కుదిపినా దిగకపోతే బిగువు. స్క్రూని ఒకేసారి చుట్టు తిప్పెయ్యకండి. గడియారంలో పెద్ద ముల్లు ఐదు నిమిషాలకి ఎంత జరుగుతుందో అంతే తిప్పి, మళ్ళీ వేలాడదీసి చూడండి. ఈ పని మాత్రం పళ్ళెంలో తెల్లగుడ్డ పరుచుకుని చెయ్యండి. ఆ స్క్రూ మెంతి గింజంత ఉంటుంది, కింద పడితే దాన్ని వెతకడానికి ఇల్లంతా ఊడవాలి.

బాబిన్ తిరిగే దిశ కూడా చూసుకోండి. చాలా ఇంటి మిషన్లలో కేసు తెరిచి ఉన్న వైపు మనకేసి పెట్టుకుని దారం లాగితే బాబిన్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి. మీ మిషనుతో వచ్చిన పుస్తకం ఇంకోలా చెబితే పుస్తకం మాటే వినండి. బాబిన్‌కి దారం గుమ్మడికాయలా ఉబ్బేలా చుట్టడం, ఒకపక్క ఎత్తు ఒకపక్క పల్లంగా చుట్టడం, మిగిలిన పాత దారం మీదే ఇంకో రంగు చుట్టెయ్యడం, ఈ మూడూ మానేస్తే సగం తగువు తీరుతుంది. అంచుకి పిసరంత తక్కువ దాకా, సమంగా, చాలు.

ఇన్ని చూశాక, అప్పుడు పైన టెన్షన్ నట్టు. అంకెలుంటే మధ్యలో నాలుగు దగ్గర పెట్టి మొదలెట్టండి. మీరు కుట్టబోయే గుడ్డ ముక్కే, లైనింగుతో సహా రెండు పొరలు తీసుకుని కుట్టి చూడండి. అడుగున పై రంగు చుక్కలు కనబడితే పైన బిగించాలి. పైన కింది రంగు తొంగిచూస్తే పైన వదులు చెయ్యాలి. ఒక్కో అంకే జరపాలి. పాదం దింపి ఉన్నప్పుడే జరపాలి. ఐమూలగా ఒక కుట్టు వేసి రెండు చేతులా చివుక్కున లాగితే ఇంకా బాగా తెలుస్తుంది. పైది ఒక్కటే తెగితే పైన బిగువెక్కువ, కిందిది ఒక్కటే తెగితే కింద బిగువెక్కువ, రెండూ కలిసి తెగితే మీ మిషను రాజీకి వచ్చినట్టు.

మెకానిక్ చెప్పినట్టు షటిల్ అరిగిపోయే రోజు కూడా ఉంటుంది, లేదనను. దాని ముక్కు మొండిబారితే, గీతలు పడితే, దారాన్ని అందుకోలేదు, అందుకున్నా కోసేస్తుంది. కానీ అప్పుడు కుట్లు వదిలెయ్యడం, దారం నలిగి తెగడం ఎక్కువగా కనిపిస్తాయి. తెనాలిలో పై కుట్టు చక్కగానే పడుతోందని ఆవిడే రాశారు. అందుకే డబ్బు ఖర్చు పెట్టేముందు ఖర్చులేనివన్నీ అవగొట్టమంటున్నాను.

అన్నట్టు ఈ మిషను మీద గాంధీగారికి ఎంత మమకారమో తెలుసా? యంత్రాలంటే అంత విముఖంగా మాట్లాడిన మనిషి, 1924లో ఒక ప్రశ్నకి జవాబిస్తూ సింగర్ కుట్టు మిషనుని మాత్రం మినహాయించారు. ఒక మనిషి ఒళ్ళునొప్పి తగ్గించడానికి పుట్టిన యంత్రం అని ఆయన భావం. ఇంట్లో కూర్చున్న మనిషి కాలితోనే తిరిగి, ఆ ఇంటికే నాలుగు డబ్బులు తెచ్చే యంత్రం ఇంకోటి చెప్పండి చూద్దాం!

అమ్మ మిషను, అమ్మాయి సూది

బాపట్ల ఉత్తరం రాసింది కాలేజీలో చదివే అమ్మాయి. సెలవుల్లో అమ్మ మిషను మీద డ్రస్సు కుట్టుకోవడం మొదలెట్టింది. సూది విరిగితే తనే బజారుకెళ్ళి కొత్తది తెచ్చి బిగించింది. అప్పట్నుంచీ నాలుగు కుట్లు పడితే రెండు వదిలేస్తోందట, దారం కూడా పుటుక్కుమంటోందట. “నువ్వు ముట్టుకున్నాకే పాడయింది” అని ఇంట్లో రోజూ అష్టోత్తరం.

అమ్మాయ్, మిషను పాడవలేదు. సూది సంగతి చూడు. చేతిసూదికి కన్ను వెనక ఉంటుంది, మిషను సూదికి మొన దగ్గర. ఎలయాస్ హోవే అనే అమెరికా ఆయన 1846లో పేటెంటు తీసుకున్న మిషనులో అలాంటి సూదే, రెండు దారాల కుట్టే. ఇవాళ్టికీ మనం ఆ పద్ధతిలోనే కుడుతున్నాం. నువ్వు తెచ్చిన సూదిని వెలుగులో పెట్టి చూడు. పైన లావుపాటి కాడ ఒకవైపు చదునుగా ఉందా, చుట్టూ గుండ్రంగా ఉందా? ఇంటి మిషన్లకి చదును కాడ సూది కావాలి. దర్జీ షాపుల్లో, బట్టల ఫ్యాక్టరీల్లో పరిగెత్తే పెద్ద మిషన్లకి గుండ్రటి కాడ సూది. షాపువాడు అడక్కుండా చేతికొచ్చింది ఇచ్చేస్తే ఇలాగే అవుతుంది. పొడవు, మందం కాస్త తేడా వచ్చినా షటిల్ ముక్కుకి ఆ ఉచ్చు అందదు. అందనప్పుడల్లా ఒక కుట్టు పోయినట్టే. ఈసారి కొట్టుకి విరిగిన పాత సూది పట్టుకెళ్ళు.

సూది సరైనదే అయితే, ఎటు తిప్పి పెట్టావు? సూదికి ఒకవైపు కన్ను దాకా పొడుగ్గా గాడి ఉంటుంది, గోటితో తడిమితే తెలుస్తుంది. చదును కాడ దానికి ఎదుటివైపు. దారం ఎప్పుడూ గాడి వైపు నుంచి కంట్లోకి వెళ్ళాలి. కిందికి దిగేటప్పుడు అది ఆ గాడిలో ఒదిగి దిగుతుంది, గుడ్డకి రాసుకోదు. పాత నల్ల మిషన్లలో కొన్ని కుడి నుంచి, కొన్ని ఎడమ నుంచి, కొత్తవి చాలామటుకు ముందు నుంచి. పక్కింటివాళ్ళది చూసి నీది పెట్టకు. సూదికి కాస్త పైన ఆఖరి దారం కొక్కెం ఎటుందో చూడు, చాలావాటిల్లో గాడి అటే ఉండాలి. ఇక సూదిని పైకంటా నెట్టి బిగించు. గోరంత కిందికి జారినా అవే తిప్పలు.

సూది నంబరు మాట. ప్యాకెట్టు మీద 90/14 అని ఉంటుంది. 90 అంటే సూది మందం 0.90 మిల్లీమీటర్లు, 14 పాత లెక్క. రెండూ ఒకటే. మంగళగిరి నూలు, మామూలు జాకెట్టు గుడ్డ, లైనింగు, వీటికి 14 చాలు. జార్జెట్టుకి, పల్చటి పట్టుకి 11, మరీ పల్చనైతే 9. చీరాల కుప్పడం చీర అంచు మీద జరీ దళసరిగా ఉన్నచోట 14 పెట్టి నిదానంగా తొక్కాలి. కర్టెన్లు, సంచులు, జీన్సులాంటివైతే 16, ఇంకా మందమైతే 18. దారం కూడా దానికి తగ్గట్టే. దారాన్ని సూదిలో ఎక్కించి, ఏటవాలుగా బిగించి పట్టుకుంటే సూది దానంతటది కిందికి జారాలి. జారకపోతే ఆ కంటికి ఆ దారం లావు. లావు దారం ఇరుకు కంట్లో ఒరుసుకుని పీచు లేచి తెగుతుంది.

ఇంకో సంగతి కూడా రాసింది, సూదులు డబ్బాలోనే తుప్పు పడుతున్నాయని. మరి సూర్యలంక అంత దగ్గర! ఉప్పుగాలికి ఇనుము ఏదీ నిలవదు. తుప్పు చుక్క కంటికి కనబడేలోపే దారానికి తెలిసిపోతుంది. సూది మీదే కాదు, దారం ఒరుసుకుపోయే ప్రతి కొక్కెం మీదా, ముఖ్యంగా బాబిన్ కేసు స్ప్రింగు కిందా, సూది ప్లేటు రంధ్రం అంచునా. పాత నైలాన్ మేజోడు ముక్క ఉంటే వాటి మీద రుద్ది చూడు. ఎక్కడ పట్టుకుంటే అక్కడే దారం కూడా తెగుతోంది. సూదులు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, మిషను నూనె అద్దిన గుడ్డముక్కలో చుట్టి పెట్టుకోండి. కుట్టడం అవగానే బాబిన్ కేసు తీసి పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి షటిల్ తిరిగే గాడిలో ఒక్క చుక్క నూనె వెయ్యండి. ఒక్క చుక్క. కిటికీ పక్కనుంచి మిషను జరపండి, మూత వెయ్యండి.

నూనె అంటే మిషను నూనే. కొబ్బరినూనె కాదు! చలికాలం సీసాలో కొబ్బరినూనె ఏమవుతుందో మనకి తెలుసు కదా, మిషను లోపలా అంతే. వంటనూనెలు ఆరి జిగురుగా మారతాయి, ఆ జిగురుకి నూగు అంటుకుంటుంది, ఇక చక్రం తిప్పితే మోకాళ్ళు పట్టేస్తాయి.

పెట్టెలో ఎప్పటివో పాత రీళ్ళు ఉంటాయి అందరిళ్ళలోనూ. రంగు కలిసిందని వాటినే వాడతాం. మూరెడు తీసి చివుక్కున లాగండి. అంటీ అంటకుండానే తెగిపోతే అది చేతిపనికి కూడా పనికిరాదు, గాలిపటానికైనా ఇవ్వకండి. పెద్ద కోన్ దారం చవగ్గా వస్తుందని కొని, మిషను పైనున్న చిన్న పుల్లకి తగిలించేవాళ్ళు కూడా ఉన్నారు. అది ఊగుతుంది, దారం కుదుపులతో వస్తుంది, టెన్షన్ ఒక్క చోట నిలవదు. కోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టి మిషను వెనక పెట్టండి. దారం పైకి లేచి, వెనకవైపు కొక్కెంలోంచి రానివ్వండి.

రేపల్లె ఉత్తరం

దీన్ని ఆఖరికి ఉంచాను గానీ, చదివింది మొదట దీన్నే.

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి వచ్చిన వరద గుర్తుంది కదా. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కిందనున్న లంకలన్నీ మునిగాయి. ఈవిడది రేపల్లె వైపు ఏటి ఒడ్డు ఊరు. పిల్లల్నీ గొడ్డునీ దాటించుకోవడమే సరిపోయింది, మిషను ఇంట్లోనే ఉండిపోయింది. పుట్టింటివాళ్ళు సారెలో ఇచ్చిన తొక్కుడు మిషను. రెండు రోజులు నీళ్ళలో నానింది. తర్వాత ఎండబెట్టి, తుడిచి, నూనె వేస్తే చక్రం తిరిగింది గానీ కుట్టు కుదరడంలేదు. జానెడు కుట్టేలోపు దారం తెగుతుంది, లేదంటే అడుగున చుట్టుకుంటుంది. తెలిసినవాళ్ళంతా తలో స్క్రూ తిప్పారు. ఇప్పుడు పాత ఇనుము కొనే అతను తూకానికి అడుగుతున్నాడట. “ఇచ్చెయ్యమంటారా?” అని అడిగి, కిందే “మా అమ్మ ఇచ్చింది” అని రాశారు.

ఇవ్వకండమ్మా. అది పోతపోసిన ఇనుము. రెండు రోజుల నీళ్ళకి ఒళ్ళు చెడదు. చెడేవి చిన్నవి, దారం తాకేవి. వరదనీళ్ళు తీసేసినా ఒండ్రు తియ్యలేదు మీరు. కృష్ణ ఒండ్రు పొలానికి బంగారమే, షటిల్ గాడిలో మాత్రం గరుకు కాగితం.

ఒక ఎండ పూట, ఇంటి బయట, పొయ్యికీ దీపానికీ దూరంగా మొదలెట్టండి. బల్ల మీద పాత దుప్పటి వెయ్యండి. ఏదయినా విప్పేముందు ఫోనుతో ఫొటో తియ్యండి. విప్పిన ప్రతిసారీ ఇంకో ఫొటో. మీవాళ్ళు తలో స్క్రూ తిప్పారన్నారు కదా, ఇకమీదట అలా కుదరదు, ఒక్క చెయ్యే ఉండాలి. సూది తీసేసి పారెయ్యండి. తుప్పు పట్టిన బాబిన్లు, ఆ నీళ్ళలో తడిసిన దారాలు కూడా అంతే, మొహమాటం వద్దు. సూది ప్లేటు రెండు స్క్రూలు విప్పి, కింద గుడ్డని నెట్టే పళ్ళ సందుల్లో ఎండిన మట్టిని పాత పళ్ళ బ్రష్షుతో పొడిగానే దులపండి. షటిల్ బయటికి తీసి, అది తిరిగే గుండ్రటి గాడి అంతా కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడవండి. కిరసనాయిలు దొరక్కపోతే మిషను నూనెతోనే నానబెట్టి తుడవండి, ఓపిక పట్టాలి, అంతే తేడా. మిషను వెనక్కి వాల్చి కిందిభాగం, ఎడమవైపు రేకు విప్పి సూది కడ్డీ భాగం కూడా అలాగే. నూనె రంధ్రాలన్నింటిలో రెండేసి చుక్కలు వేసి, చేత్తో చక్రం తిప్పుతూ ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున నల్లటి నీరులా కారితే తుడిచి మళ్ళీ వెయ్యండి. కారేది తెల్లబడేదాకా. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు, రెండు మూడు రోజులు పట్టొచ్చు.

అసలు దోషం టెన్షన్ బిళ్ళల దగ్గర ఉంటుందని నా అనుమానం. నట్టు విప్పితే ఒక స్ప్రింగు, ఒక వాషరు, ఆ రెండు బిళ్ళలు వరసగా వస్తాయి. ఫొటో తీసుకుంటూ వరసగానే పరచండి. బిళ్ళల లోపలి ముఖాలు అద్దంలా నునుపుగా ఉండాలి. మట్టి అయితే తుడిస్తే పోతుంది. తుప్పు గుంటలు పడి ఉంటే రుద్దుతూ కూర్చోకండి, టెన్షన్ సెట్టు కొత్తది మార్చుకోండి. మిషను ఖరీదులో అది లెక్కలోది కాదు. పక్కనే సన్నటి తీగలాంటి స్ప్రింగు ఉంటుంది, దారం దాన్నే తగులుకుంటూ పోతుంది. అది విరిగినా, ఊగకుండా బిగుసుకుపోయినా పై దారం తెగుతూనే ఉంటుంది. సెట్టుతోపాటే కొత్తది అడగండి. బాబిన్ కేసు కూడా మార్చెయ్యండి. మీట కన్నం, కొక్కేలు, సూది ప్లేటు రంధ్రం గరుగ్గా తగిలితే జీరో నంబరు ఎమరీ కాగితాన్ని సన్నగా చుట్టి నునుపు చెయ్యండి.

తర్వాత కొత్త సూది, కొత్త దారం. పైన తెనాలివాళ్ళకి చెప్పిన వరసలోనే పాదం ఎత్తి ఎక్కించడం, కేసు వేలాడదీయడం, రెండు రంగుల పరీక్ష. మొదటి అరగంట పాత గుడ్డ మీదే కుట్టండి, లోపలి నూనె అంతా దానికే అంటుకుంటుంది.

ఇంత చేశాక కూడా కుట్లు వదిలేస్తుంటే, అప్పుడు మెకానిక్. తలో స్క్రూ తిప్పినప్పుడు సూది కడ్డీ ఎత్తు మారిపోయి ఉండొచ్చు. సూది లేచే వేళకి షటిల్ ముక్కు రావడం తప్పిపోయి ఉంటుంది. అది సరిచెయ్యడం ఇంట్లో వద్దు, చెయ్యి తిరిగినవాళ్ళ పని. మిషను విడిగా విప్పి తలకాయ ఒక్కటే రైల్లో తెనాలి పట్టుకెళ్ళినా సరిపోతుంది, బల్ల, తొక్కుడు ఇంట్లోనే ఉంచండి. ‘సూది–షటిల్ టైమింగు చూడండి’ అని మాత్రమే అడగండి. ఏం మార్చాడో ఆ పాత ముక్క మీ చేతికి ఇమ్మనండి.

ఇంకొకటి, ఇది మీకు కాదు, మోటారు మిషను మునిగినవాళ్ళకి. ఆరిందనుకుని ప్లగ్గు పెట్టకండి. మోటారు, పెడల్, వైరు మూడూ ఎలక్ట్రీషియన్ చూసేదాకా బెల్టు తీసేసి చేత్తోనే తిప్పండి.

ఆ ఇనప్పాతకాయన మళ్ళీ వస్తే ఇంట్లో ఇంకేమయినా ఉంటే ఇవ్వండి. మిషను తూకం అడిగితే మాత్రం, కుట్టుపని ఉంది, తర్వాత రమ్మనండి.